తుపాకి మందుకు గరాటు

యాదగిరి ఎడమ కనుబొమ కాలిన మరునాడే ఆయన భార్య సోమమ్మ గరాటు కొనడానికి కొత్తపేట బయలుదేరింది.

కాలడానికి కారణం గాలి అన్నాడు యాదగిరి. ఆ సాయంత్రం ఆకు కదిలితే ఒట్టు. తుర్కయంజాల్ ఊరికి తూర్పున వాళ్ళ నాలుగెకరాల మక్కచేను. పొద్దు వాలుతుంటే పంది అలికిడి విని, మంచె కింద కూర్చుని తుపాకిలో మందు పోస్తున్నాడు. అది పాతకాలపు బర్మార్ తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి, దానిమీద గుడ్డపేలిక, సీసపు గుండ్లు వేసి, పొడవాటి కర్రతో కూరితే ఒక్కసారి పేలుతుంది. మళ్ళీ పేలాలంటే మళ్ళీ అంతా మొదటినుంచి చేయాలి. పంట కాపలాకని సర్కారు ఇచ్చిన లైసెన్సు తండ్రి పోయాక యాదగిరి పేరుకు మారింది. ముప్పై ఏళ్ళు అరచేతిని దొప్పలా మడిచి, ఒక్క పలుకు కింద పడకుండా మందు పోసిన మనిషి. రెండేళ్ళుగా చేతులు వణకడం మొదలుపెట్టాయి. అప్పటినుంచి పేపరును పొట్లంలా చుట్టి పోస్తున్నాడు.

ఆ రోజు పొట్లం అడుగు విచ్చుకుంది. మందు సగం గొట్టంలో పడితే సగం నేలమీద పడింది. దోమలకని పక్కనే రాజేసిన పిడకల్లోంచి ఓ నిప్పురవ్వ వచ్చి దానిమీద వాలింది. బుస్సున మంట లేచింది. కనుబొమ, సగం మీసం, ధోవతి అంచు పోయాయి. ఇంకో జానెడు దగ్గరగా వంగి ఉంటే కన్నే పోయేది. ఆ పిడకలు రాజేసింది సోమమ్మ. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె మర్చిపోలేదు.

తుపాకి మానెయ్యమని అడగాలని ఆమెకు నాలుకదాకా వచ్చింది. కానీ ఎట్లా అడుగుతుంది? చుట్టూ ఉన్న చేలన్నీ అమ్ముడుపోయాయి. బావ ఆరెకరాలు, వాళ్ళ పాలివాళ్ళ పదెకరాలు, అన్నీ ప్లాట్లయ్యాయి. తెల్లటి హద్దురాళ్ళు, మనిషెత్తు గడ్డి తప్ప అక్కడ ఏమీ లేదు. గుర్రంగూడ అడవిలోంచి పందుల మంద బయటికొస్తే వాటికి పచ్చగా కనబడేది ఈ ఒక్క చేనే. ఇదివరకు ఇరవై చేలమీద పడే మంద ఇప్పుడు ఒక్కదానిమీదే పడుతోంది. తుపాకి చప్పుడుంటేనే చేను. చేనుంటేనే యాదగిరి పొద్దున లేచి చెప్పులేసుకుంటాడు. ఇది ఆమెకు తెలుసు.

అందుకే పొద్దున్నే జొన్నదంటు ఒకటి కోసి, తుపాకి మూతిలో దూర్చి చూసి, సరిగ్గా పట్టేంత లావుగా చెక్కింది. దాన్ని బొడ్లో దోపుకుంది. మందును బజారుకు తీసుకుపోకూడదు గనక పిడికెడు ఆవాలు కొంగున ముడేసుకుంది.

“ఏడికే?” అన్నాడు యాదగిరి.

“గరాటు తెస్త.”

ఆమె గడప దాటుతుంటే ఆయన వెనకనుంచి అన్నాడు. “ఇనుముది తేకు. రాపిడికి రవ్వ లేస్తది.”

అది రెండువేల పదకొండు, సెప్టెంబరు ఆఖరు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి, బళ్ళు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు. ఊళ్ళోవాళ్ళు నిరసనగా సాగర్ రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ఆ వంటకు సోమమ్మ కూడా రెండు శేర్ల బియ్యం పంపింది. పాల ట్రాలీ ఒకటి పోతుంటే చెయ్యి చూపి ఎల్బీనగర్ దాకా ఎక్కింది. చౌరస్తాలో దీక్షా శిబిరం, మైకులో పాటలు. అక్కడినుంచి కొత్తపేట దాకా నడిచింది.

కిరాణా కొట్లో ప్లాస్టిక్ గరాట్లు తప్ప ఏమీ లేవు. ఇంకో రెండు దుకాణాలు మూసున్నాయి. రైతుబజారు దాటాక సందులో ఒక సామాన్ల దుకాణం షట్టరు నడుందాకా దించి ఉంది. బోర్డుమీద ‘ఆంధ్రా’ అన్న మొదటి మాట కనబడకుండా సున్నం పూసి ఉంది, ‘స్టీలు సామాన్లు’ అన్నది మాత్రమే కనిపిస్తోంది. సోమమ్మ వంగి లోపలికి పోయింది.

గల్లాపెట్టె దగ్గర నలభై దాటిన ఆవిడ, విజయదుర్గ, గిన్నెలమీద దుమ్ము తుడుస్తోంది. కృష్ణా జిల్లానుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా ఆ దుకాణం నడుపుతోంది. భర్త జోగారావు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. సమ్మె మొదలైనప్పటినుంచి ఆ సెంటరు తెరవలేదు.

“గరాటు కావాలె బిడ్డా. చిన్నది.”

“నూనెకా, నెయ్యికా అమ్మా?”

“మందుకు.”

“హోమియో మందులకా? అయితే మరీ చిన్నది కావాలి కదండీ.”

“గా మందు గాదు. తుపాకి మందు.”

విజయదుర్గ చేతిలో గుడ్డ ఆగిపోయింది. షట్టరు వైపు చూసింది. గల్లాపెట్టె మీదున్న సెల్‌ఫోను మీదకు చెయ్యి పోయి, అక్కడే నిలిచింది.

“మాకిద్దరూ ఆడపిల్లలేనమ్మా,” అంది.

ఆ మాట ఎందుకన్నదో సోమమ్మకు చప్పున తట్టలేదు. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ తనను, చీరకొంగు నడుముకు చుట్టుకుని వచ్చిన తనను చూసి ఒకరు భయపడతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తట్టాక నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. నడిచొచ్చిన కాళ్ళు పీకుతుంటే అక్కడే స్టూలు మీద కూలబడింది.

“అయ్యో బిడ్డా. పందులమీదికి. చేన్ల పడుతున్నయ్. మా ఇంటాయనకు చేతులు వణుకుతయ్. నిన్న మందు ఒలికి మొకం కాలింది. లైసెన్సు తుపాకే. గింత చిన్న గరాటుంటే ఒలకదని వచ్చిన,” అంటూ కొంగుముడి విప్పి ఆవాలు చూపింది, బొడ్లోంచి జొన్నదంటు తీసి బల్లమీద పెట్టింది.

ఆ ఆవాల్నీ ఆ దంటునూ విజయదుర్గ కాసేపు చూసింది. ఎవరినైనా చంపడానికి వచ్చిన మనిషి ఆవాలు తెచ్చుకోదని అనిపించిందేమో, ఫోను మీంచి చెయ్యి తీసింది.

“కూర్చోండి,” అంది, కూర్చున్న మనిషితోనే.

ముందు ప్లాస్టిక్‌ది తీసింది. పదిహేను రూపాయలు. ఆవాలు గలగలా జారాయి. సోమమ్మకు తృప్తి కలగలేదు. మందు ఆవాలంత నున్నగా ఉండదు, సన్నగా ఉంటుంది. దేవుడి పటం దగ్గరున్న పసుపు చిటికెడు అడిగి పోసి చూసింది. పసుపు సగం గోడలకే అంటుకుంది. తట్టినా రాలలేదు, ఊదినా పోలేదు.

“ఎండాకాలం ఇవి ఇంకా అంటుకుంటాయండీ,” అంది విజయదుర్గ. “ప్లాస్టిక్ అంతే.” పక్కన పెట్టేసి స్టీలుది అందుకుంది. “ఇది చూడండి, అరవై. జన్మలో తుప్పు పట్టదు.”

“తుప్పు సంగతి గాదు బిడ్డా. నిప్పు సంగతి. ఇనుము వద్దన్నడు.”

“స్టీలు ఇనుమా?”

“ఏమో. కాదని నువ్వు చెప్పగలుగుతవా?”

విజయదుర్గ దాన్ని తిరిగి పెట్టేసింది. పైఅరలోంచి ఇత్తడిది దించింది. బరువుగా, అందంగా ఉంది. పసుపు జర్రున జారింది. ధర మూడొందల నలభై. పైగా దాని మెడ జొన్నదంటుకంటే లావు, తుపాకి మూతిలో దూరదు. డబ్బు సంగతి ఎత్తే పని తప్పినందుకు సోమమ్మ లోలోపల సంతోషించింది.

చివరికి అడుగుఅరలో దుమ్ముకొట్టుకున్న ఒక అల్యూమినియం గరాటు దొరికింది. వత్తుల స్టవ్వులో కిరసనాయిలు పోసుకోవడానికి ఒకప్పుడు జనం కొనేవారు. ముప్పై రూపాయలు. మెడ పొడుగ్గా, కొసకు పోయేకొద్దీ సన్నగా ఉంది. ఆవాలు పోస్తే నాలుగు జారి ఐదోది ఇరుక్కుంది.

ఇద్దరూ దాన్ని తిప్పి తిప్పి చూశారు. జొన్నదంటు పక్కన పెట్టి కొలిచింది సోమమ్మ. “గీ కొస బొటనవేలు గోరంత కోస్తే?”

కుక్కర్ల పిడులు బిగించే పనికి రంపపు బ్లేడొకటి దుకాణంలో ఉంది. విజయదుర్గ గరాటు పట్టుకుంది, సోమమ్మ కోసింది. కోసినచోట గరుకు లేకుండా ఉప్పుకాగితంతో రుద్దింది. ఈసారి ఆవాలు ఆగలేదు, పసుపు ఆగలేదు. కోసినా మెడ ఇంకా జొన్నదంటుకంటే వెంట్రుకవాసి సన్నమే.

పని చేస్తూంటే మాటలు వాటంతటవే వచ్చాయి. చేను ఎక్కడని విజయదుర్గ అడిగింది. తుర్కయంజాల్ అనగానే రుద్దుతున్న చేతిని చూడటం మానేసి ముఖంలోకి చూసింది.

“తుర్కయంజాల్లో ఎక్కడండీ? హరితపురి వెంచర్ తెలుసా?”

“తెలువకేంది. మా చేను గట్టుకు ఆనుకునే ఉన్నది. మా బావ భూమే అది.”

“మాకక్కడ రెండొందల గజాలుంది,” అంది విజయదుర్గ. గొంతు తగ్గిపోయింది. “పోయిన వారం ఎవరో ఫోన్ చేసి చెప్పారు, మా హద్దురాళ్ళు పీకేశారని. మావే కాదు, ఆ వరసంతా. ఆంధ్రావాళ్ళవని కావాలనే పీకేశారట. మా ఆయన అప్పట్నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. పద్దెనిమిదేళ్ళు కూడబెట్టి కొన్నదమ్మా అది.”

సోమమ్మ ఉప్పుకాగితం పక్కన పెట్టింది.

“తూర్పు వరసేనా? వేపచెట్టు అవతల?”

“అవును.”

“గవి మనుషులు పీకలేదు బిడ్డా. పందులు లేపినయ్. ఆ రాళ్ళ కింద గడ్డిదుంపలుంటయ్. ముట్టెతోని తవ్వితవ్వి రాయిని ఎల్లకిల పడేస్తయ్. నేను కండ్లార చూసిన. మీ ఆంధ్రోళ్ళవేంది, గా వరసల మా ఊరి సర్పంచు తమ్మునివి గూడ పడ్డయ్.”

విజయదుర్గ నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. నోటికి పైట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. తరువాత, చాలాసేపటినుంచి దాచుకున్న మాటలాగా అడిగింది. “రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా అమ్మా?”

సోమమ్మకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “నాకేం ఎరుక బిడ్డా. రాష్ట్రం రావాలెనని నాకు గూడ ఉన్నది. మా పిల్లలకు నౌకర్లు కావాలె గద. రోడ్డుమీద వంటకు బియ్యం గూడ ఇచ్చిన. నువ్వు పోవాలెనని మాత్రం నేనెన్నడు అనుకోలె. అసలు నువ్వొకదానివి ఉన్నవనే నాకు తెల్వది.”

ఆ జవాబు ఓదార్పో కాదో ఇద్దరికీ తేలలేదు. విజయదుర్గ ఇరవై ఐదే తీసుకుంది. గిన్నెలమీద పేర్లు కొట్టే మిషను తీసి, ఇది పొరపాటున వంటింట్లోకి పోతే ప్రమాదమంటూ గరాటు అంచున ‘మందు’ అని చెక్కి ఇచ్చింది.

“ఓ సాయంత్రం వచ్చి రాళ్ళు చూసుకొమ్మను మీ ఆయనను. సోమమ్మ చేనంటే ఎవరైన చూపిస్తరు. మేమాడనే ఉంటం,” అని చెప్పి సోమమ్మ షట్టరు కిందనుంచి వంగి బయటికొచ్చింది.

గరాటు బాగా పనిచేసింది. మొదటిరోజు యాదగిరి దాన్ని అటూ ఇటూ తిప్పి, కోసిన కొసను వేలితో తడిమి, తుపాకి మూతిలో పెట్టాడు. సోమమ్మ పిడకలకు నీళ్ళు కొట్టి ఆర్పేసి గరాటు కదలకుండా పట్టుకుంది. కొలతచిప్పతో మందు పోస్తే ఒక్క పలుకు బయట పడలేదు. ఆయన ముఖం చూసి ఆమెకు సంతోషమేసింది. నాలుగురోజుల్లో ఆమె పట్టుకోవాల్సిన అవసరం కూడా పోయింది. వణికే చేత్తోనే ఆయన తుపాకి నింపేసుకుంటున్నాడు. ఇదివరకు పంది అలికిడి విని నింపడం మొదలుపెడితే, నింపేసరికి అది పోయేది. ఇప్పుడు చేనుకు పోగానే నింపి ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. రెండు పందులను తరిమాడు. ఊళ్ళో హోటలు దగ్గర నలుగురి ముందు, చాలాకాలం తరువాత, గొంతెత్తి మాట్లాడాడు.

తొమ్మిదోరోజు పొద్దు గూకుతుండగా సోమమ్మ గట్టుమీద గడ్డి కోస్తోంది. యాదగిరి మంచెమీద ఉన్నాడు. వెంచరు గడ్డిలోంచి చప్పుడు మొదలైంది. కచక్, కచక్ అని తవ్వుతున్నట్టు, మధ్యమధ్య ఆగి ఊపిరి పీలుస్తున్నట్టు. పందే అనుకుంది ఆమె. తల ఎత్తి చూస్తే యాదగిరి అప్పటికే తుపాకి భుజానికి ఆనించాడు. గొట్టం గడ్డిలో ఒకచోటికి తిరిగి నిలిచింది. అక్కడ బూడిదరంగు వీపు ఒకటి కిందికీ పైకీ ఆడుతోంది.

ఆ గడ్డికి ఇవతల, మట్టిబాటమీద, స్కూటరొకటి స్టాండు వేసి ఉంది.

ఆమెకు ముందు కనబడింది ఆ స్కూటరు. అది ఏమిటో, ఎందుకుందో అర్థమయ్యేలోపే ఆమె గొంతు తనంతట తనే అరిచింది.

“వద్దు! మనిషి! మనిషి!”

యాదగిరి కాల్చలేదు. వేలు మీటమీదనే ఉండిపోయింది. గడ్డిలోంచి బూడిదరంగు చొక్కా వేసుకున్న మనిషి లేచాడు, చేతిలో గడ్డపార. నుదుటి చెమట తుడుచుకుంటూ వీళ్ళవైపు చూసి, తనను పిలిచారనుకుని చెయ్యి ఊపాడు.

“నమస్కారమండీ! సోమమ్మ గారు మీరేనా? నేను విజయదుర్గ వాళ్ళాయన్ని. రాళ్ళు నిలబెట్టుకుందామని వచ్చాను. మీరు చెప్పింది నిజమే, అంతా పందుల పనే!”

యాదగిరి మంచె దిగడానికి చాలాసేపు పట్టింది. దిగి, తుపాకి సుత్తిని మెల్లగా కిందికి దించి, గట్టుకు ఆనించి, జోగారావు దగ్గరికి నడిచాడు.

“సారూ, నిన్ను పందనుకున్న,” అన్నాడు.

జోగారావు నవ్వాడు. పల్లెటూరి హాస్యమనుకున్నాడు. తరువాత గట్టుకు ఆనించిన తుపాకి కనిపించింది. యాదగిరి ముఖంలో నవ్వు లేకపోవడం కూడా కనిపించింది. అప్పుడాయన తను నిలబెట్టిన హద్దురాయిమీదే కూర్చుండిపోయాడు. సోమమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిస్తే మొత్తం తాగాడు. చీకటి పడకముందే రావాల్సింది, స్కూటరుకు పెట్రోలు దొరకక ఆలస్యమైంది అని, తప్పు తనదే అయినట్టు అన్నాడు.

మిగిలిన రెండు రాళ్ళను ముగ్గురూ కలిసి పాతారు. రాయిని గుంటలో నిలబెట్టి మట్టి తొక్కుతుంటే సోమమ్మ యాదగిరి చేతులు చూసింది. ఆ బరువుమీద అవి వణకలేదు.

ఇంటికి పోయేదారిలో ఆయన ఒక్కటే మాటన్నాడు. “మా నాయిన చెప్పిండు, పంది మూతి చూడనిదే మీట ముట్టొద్దని. నేను ఈపు చూసిన. ఈపు చూసి ముట్టిన.”

కొత్తపేటలో రంపంతో గరాటు కోసిన చేతులు సోమమ్మవి. సాయంత్రం రమ్మన్న నోరూ ఆమెదే. ఆయన చేతులకు సాయం చేశాను గానీ కళ్ళ సంగతి ఆలోచించలేదే అనుకుంది. చేతులు వణికినన్నాళ్ళూ, ఆ ఆలస్యమే ఎవరినో కాపాడుతూ వచ్చిందేమో అని కూడా అనిపించింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియని ఆలోచన అది. అలాగే లోపల పెట్టుకుంది.

పొద్దున్నే యాదగిరి చేనుకు పోయి, తుపాకి ఆకాశంవైపు ఎత్తి పేల్చి ఖాళీ చేశాడు. కడిగి, తుడిచి, మందుడబ్బా, గరాటు, లైసెన్సు పుస్తకం ఒక సంచిలో వేసుకున్నాడు. సోమమ్మ కూడా వెంట నడిచింది. ఠాణాలో సగంమంది సమ్మె బందోబస్తుకు పోయారు. ఉన్న ఒక్క రైటరు తుపాకి చూసి కుర్చీలోంచి సగం లేచాడు.

“గిప్పుడెందుకు తెచ్చినవ్ పెద్దాయన? మేమేం జమ చెయ్యమనలేదు గద?”

“నేనే ఇస్తున్న.”

“మళ్ళెప్పుడు తీస్కపోతవ్?”

“తీస్కపోను. నా పేరు కొట్టేయున్రి.”

రైటరు కాగితం రాసి చదివి వినిపించాడు. యాదగిరి సంతకం చేయడానికి రెండుసార్లు ప్రయత్నించి, పెన్ను పక్కన పెట్టి, బొటనవేలు ముందుకు చాపాడు.

ఆ ఏడు మక్కలు పూర్తిగా ఎండకముందే విరిచారు. విరిచేలోగా పావువంతు పందుల పాలైంది. దసరా పోయాక విజయదుర్గ ఇద్దరు కూతుళ్ళనూ తీసుకుని ప్లాటు చూసుకోవడానికి వచ్చింది. రంగురంగుల చీరలు కడితే పందులు బెదురుతాయని సోమమ్మ చెబితే, వారం తిరక్కుండా తమ వీధి వీధంతా తిరిగి రెండు మూటల పాతచీరలు పోగుచేసి పంపింది. వాటిని చేను చుట్టూ కట్టారు. కొన్నాళ్ళు పనిచేశాయి, తరువాత పందులకు అలవాటైపోయింది. మరుసటేడు మక్కలు మానేసి పందులు అంతగా ముట్టని పసుపు, మిర్చి పెట్టారు. ఆదాయం తగ్గింది గానీ చేను మాత్రం అమ్మలేదు.

ఠాణానుంచి తిరిగివస్తున్న ఆ పొద్దున సాగర్ రోడ్డుమీద పొయ్యిలు మండుతున్నాయి. ఊరివాళ్ళు పిలిస్తే ఇద్దరూ విస్తరాకుల ముందు కూర్చున్నారు. పప్పన్నం వేడిగా ఉంది. మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. సోమమ్మ పక్కకు తిరిగి చూసింది. ముప్పై ఏళ్ళు తుపాకి బరువు మోసిన యాదగిరి కుడిభుజం ఒకవైపు వంగే ఉంది, ఇంకా ఏదో వేలాడుతున్నట్టు. ఆయనకు అది తెలియదు. ఎడమచేత్తో విస్తరి కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో ముద్ద కలుపుకుంటున్నాడు. ఆమె తన విస్తరిలోని పప్పు కొంచెం ఆయన విస్తరిలోకి జరిపింది.